అనాయాస మరణం అన్నారు

మా నాన్న 1996లో, 41వ ఏట, నిద్రలోనే పోయారు. అంతకుముందు రెండు రోజులు జ్వరం, అంతే. పదకొండో రోజు భోజనాల దగ్గర బాబాయి, "అన్నయ్య పుణ్యాత్ముడు. ఎవరి చేతా చేయించుకోకుండా పోయాడు, అనాయాస మరణం" అన్నాడు. పంక్తిలో అందరూ తలలూపారు. అమ్మకి అప్పటికి 34 ఏళ్లు. నాకు పన్నెండు.

2024 ఆగస్టులో నాకూ జ్వరం వచ్చింది, 103. పెరుగన్నం తిని పడుకున్నాను. తర్వాతదంతా నా భార్య చెప్పిందే. రాత్రి రెండింటప్పుడు నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చిందట. గురకే అనుకుని, పక్కకి తిరగమని మోచేత్తో పొడిచిందట. నేను కదల్లేదు. లైటు వేస్తే కళ్లు తెరిచే ఉన్నాయి, పళ్లు బిగుసుకున్నాయి, పెదాలు నల్లబడ్డాయి. "ఏవండీ, ఏవండీ" అని అరుస్తూ, ఏం చేయాలో తెలియక ఛాతీ మీద రెండు చేతులతో గుద్దింది. ఎంతసేపో తనకీ తెలియదు. తెలివొచ్చేసరికి లుంగీ తడిసి ఉంది. "ఎందుకే కొడుతున్నావ్?" అన్నానట. ఆ మాటకి ఇప్పుడు నవ్వుతుంది, ఆ రాత్రి గోడకి చేరబడి ఏడ్చింది.

దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో, జ్వరానికి ఫిట్స్ వచ్చాయి, పొద్దున న్యూరో డాక్టరుకి చూపించండి అన్నారు. మా ఆవిడ ఒప్పుకోలేదు, ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. ఈసీజీ కాగితం చాలాసేపు చూసి, ఛాతీ మీది స్టిక్కర్లు ఒక ఎముక పైకి జరిపి మళ్లీ తీసింది. "మీ ఇంట్లో ఎవరైనా నిద్రలో చనిపోయారా అండీ?" అని అడిగింది.

28 ఏళ్లలో ఆ ప్రశ్న మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

జబ్బు పేరు బ్రుగాడా సిండ్రోమ్. పెడ్రో, జోసెప్ బ్రుగాడా అనే అన్నదమ్ములు 1992లో దీన్ని వివరించారు. గుండె కణాల్లోకి సోడియం వెళ్లే దారులు సరిగ్గా పనిచేయక కరెంటు గాడి తప్పుతుంది. జ్వరం వస్తే ఇంకా తప్పుతుంది. ఆగ్నేయాసియాలో ఎక్కువ, మగవాళ్లలో మరీ ఎక్కువ. ఈశాన్య థాయిలాండ్ పల్లెల్లో ఇలా పోయినవాళ్లని విధవ దెయ్యం పట్టుకుపోయిందనుకుని, మగవాళ్లు ఆడవాళ్లలా కనిపించాలని గోళ్లకి రంగేసుకుని పడుకునేవారట. మనం తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకోలేదూ, అలాంటిదే. వాళ్లు కనీసం భయపడ్డారు. మేము పుణ్యమనుకున్నాం.

ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. 2019లో ఆఫీసువాళ్లు చేయించిన ఈసీజీలోనూ అదే వంపు, కాస్త తక్కువగా. "ఈ వయసులో ఇలాగే ఉంటుంది, గ్యాస్ తగ్గించుకోండి" అన్నాడా డాక్టరు. ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు.

ఎడమ భుజం కింద ఐసీడీ అనే చిన్న యంత్రం పెట్టారు. గుండె లయ తప్పితే అదే షాక్ ఇస్తుంది.

జన్యు పరీక్షలో ఎస్‌సీఎన్5ఏ అనే జన్యువులో ఒక మార్పు కనిపించింది. అదే కారణమా అంటే తేల్చి చెప్పలేమన్నారు. పోల్చి చూసే లెక్కల్లో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే, మనవాళ్లు తక్కువ. నాన్న ఉంటే ఆయన రక్తంతో పోల్చేవాళ్లు. ఆ సంగతి తెలిసి బాబాయి అమలాపురం నుంచి వచ్చి, "ఒరేయ్, నాది తీసుకోమను" అని చెయ్యి చాపాడు. అదే మార్పు ఆయనకీ ఉంది. 66 ఏళ్లొచ్చాయి, ఒక్కసారి కళ్లు తిరిగిన పాపాన పోలేదు. ఒకే మార్పు ఉన్నా అందరికీ జబ్బు బయటపడదట. ఆ మధ్యాహ్నం బాబాయి అన్నం సరిగ్గా తినలేదు. పాత మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో నిద్రలో పోతే, దయచేసి మిగతావాళ్లకి ఈసీజీ తీయించండి. ఈ జబ్బున్నవాళ్లు జ్వరమొస్తే వెంటనే పారాసిటమాల్ వేసుకోవాలి, వాడకూడని మందుల జాబితా జేబులో ఉంచుకోవాలి. అమ్మ అన్నవరంలో వ్రతం చేయించింది. నేనూ పీట మీద కూర్చున్నాను, మనస్ఫూర్తిగానే.

మా వాడికి తొమ్మిదేళ్లు. మొన్న వాడికి జ్వరం 101 వచ్చింది. మందు వేసి, తగ్గేలోపే ఆసుపత్రికి పరిగెత్తాం. స్టిక్కర్లు చల్లగా ఉన్నాయని వాడు నవ్వాడు. కాగితం బాగానే ఉంది. ఈసారి జ్వరమొచ్చినా ఇలాగే తీసుకురండి అన్నారు.