జర్మన్ కీబోర్డు మీద ఇండెంట్

జర్మనీలో ఆఫీసు ల్యాప్‌టాప్ చేతికి రాగానే మొదటి దెబ్బ పాస్‌వర్డ్ దగ్గరే. అక్కడి కీబోర్డు మీద వై, జెడ్ తారుమారు. @ కావాలంటే స్పేస్‌బార్ కుడివైపు ఉండే ఆల్ట్‌జీఆర్ కీ పట్టుకుని క్యూ నొక్కాలి. దానికి చెయ్యి త్వరగానే అలవాటు పడుతుంది. ఇండెంట్‌కే, అంటే కోడ్ లైన్లను పక్కకు జరపడానికే, పడదు.

కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో లైనును కుడికి జరపడానికి కంట్రోల్+], ఎడమకు కంట్రోల్+[. జర్మన్ లేఅవుట్‌లో ] రావాలంటేనే ఆల్ట్‌జీఆర్+9. అందుకని విండోస్‌లో ఈ రెండు షార్ట్‌కట్లూ సున్నా పక్కనున్న ఎస్సెట్ (ß) కీకీ, దాని పక్క కీకీ వెళ్లిపోతాయి. ఆఫీసులో వేళ్లు ఒక వరస పైకి పోవాలి, ఇండియా నుంచి తెచ్చుకున్న సొంత ల్యాప్‌టాప్ మీద మళ్లీ కిందికి. ట్యాబ్ ఉందిగా అంటారు. లైన్లు సెలెక్ట్ చేసి ఉంటే సరే, లేదంటే కర్సర్ ఉన్నచోటే ఖాళీ దూరుతుంది.

చెయ్యి గుర్తుపెట్టుకునేది అక్షరాన్ని కాదు, చోటుని. కాబట్టి షార్ట్‌కట్‌ను చోటుకే కట్టేయాలి. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కి షార్ట్‌కట్ల జాబితా తెరిచి, ఇండెంట్ లైన్ అని వెతకండి. ఆ వరస మీద డబుల్ క్లిక్ చేసి ఏదో ఒక కాంబినేషన్ ఇచ్చి ఎంటర్ కొట్టండి. ఇప్పుడు పైన కుడి మూలనున్న ఐకాన్‌తో, మీ షార్ట్‌కట్లు రాసి ఉండే జేసన్ ఫైల్ తెరిస్తే కమాండ్ పేరుతో సహా ఎంట్రీ తయారుగా ఉంటుంది. అందులో కీ దగ్గర కంట్రోల్, ప్లస్, ఆ తర్వాత చదరపు బ్రాకెట్ల లోపల బ్రాకెట్‌రైట్ అని ఇంగ్లిషులో రాయండి: ఒకటే మాట, బి, ఆర్ పెద్దక్షరాలు. ఔట్‌డెంట్‌కు (ఎడమకు జరపడానికి) ఇలాగే చేసి బ్రాకెట్‌లెఫ్ట్ రాయండి. లేఅవుట్ ఏదైనా ఇక పి పక్కనున్న రెండు కీలే. కమాండ్ పేరు ముందు మైనస్ ఉన్న ఎంట్రీ పాత షార్ట్‌కట్‌ను తీసేసేది. పాతదీ ఉండాలనుకుంటే దాన్ని చెరిపేయండి.

జర్మన్ కీబోర్డులో ఆ రెండో కీ ప్లస్. అంటే ఎడిటర్‌లో కంట్రోల్+ప్లస్ జూమ్ పోతుంది. నంబర్ ప్యాడ్ ప్లస్‌తో జూమ్ మాత్రం పనిచేస్తుంది.

కంట్రోల్+ఆల్ట్+9 లాంటివి పెట్టుకోకండి. విండోస్‌కు కంట్రోల్+ఆల్ట్ అన్నా ఆల్ట్‌జీఆర్ అన్నా ఒకటే, ఆ తేడా పట్టని ఎడిటర్లలో ] కొట్టబోతే లైను జరుగుతుంది. ఏ కీ ఎక్కడికి పోతోందో అంతుపట్టకపోతే కమాండ్లను పేరుతో వెతికి నడిపే కమాండ్ ప్యాలెట్‌లో టాగుల్ కీబోర్డ్ షార్ట్‌కట్స్ ట్రబుల్‌షూటింగ్ నడపండి. నొక్కిన ప్రతి కీకీ ఏ కమాండ్ తగిలిందో ఔట్‌పుట్ ప్యానెల్‌లో కనిపిస్తుంది.