చలి రాలేదు, ఆకులు మాత్రం ఆగట్లేదు

ఆకురాలే కాలం మొదలై చాన్నాళ్లయింది కానీ ఎండ చూస్తే ఇంకా వేసవే అనిపిస్తోంది, పెరడు ఊడుస్తుంటే చెమటలు కారిపోతున్నాయి. మామూలుగా చలి ముదిరితే ఆకులన్నీ గబగబా రాలిపోతాయి, గట్టిగా ఓ పూట కూర్చుంటే పనైపోతుంది. ఇప్పుడలా కాదు, పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ పరుచుకుని ఉంటున్నాయి. పగటి వెలుతురు తగ్గేకొద్దీ చెట్టు తొడిమ మొదట్లో ఓ పొర కట్టుకుని ఆకుని వదిలించుకుంటుంది, కానీ రాత్రుళ్లు వెచ్చగా ఉంటే ఆ పని నత్తనడకే, అందుకే సగం కొమ్మలు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

పైగా గడ్డి పెరగడం కూడా ఆగలేదు. గడ్డి కోసే మోవర్ ఎలాగూ తియ్యాలి కాబట్టి ఆకుల మీదే నడిపించేస్తున్నా, ముక్కలై గడ్డి సందుల్లోకి దిగిపోతాయి, మిగతాది వానపాములు చూసుకుంటాయి. పల్చగా ఉంటేనే సుమా, మందంగా పేరుకుంటే కింద గడ్డి వెలుతురందక పసుపెక్కిపోతుంది.

మిగిలినవి కంపోస్టుకి. ఒట్టి ఎండాకులే వేస్తే కుప్ప కదలదు మెదలదు, వాటిలో కార్బన్ మరీ ఎక్కువ. కార్బన్ 30 పాళ్లకి నైట్రోజన్ 1 పాలు దాకా ఉంటే బాగా కుళ్లుతుంది, అందుకే నైట్రోజన్ కోసం కోసిన పచ్చగడ్డి కలిపి నీళ్లు చల్లా. కొన్నాళ్లకే కుప్పలో చెయ్యి పెడితే వేడి తగిలింది, పొగలాంటి ఆవిరి కూడా!

తగలబెట్టెయ్యమని సలహా ఇచ్చేవాళ్లకో దండం, ఆ పొగ పీల్చేది మనమే కదా. పొదల కింద పడ్డవి మాత్రం నేను ముట్టుకోను, పురుగులు చలికాలం వాటిలోనే తలదాచుకుంటాయి.