జాయ్‌స్టిక్ వణుకు వదిలింది

రేణిగుంట రన్‌వే మీద దిగేటప్పుడు చెయ్యి కదపకున్నా సిమ్యులేటర్‌లో విమానం ముక్కు ఎడమకు కొట్టుకుంటోందా? ముందు జాయ్‌స్టిక్‌లోని ట్విస్ట్ పొటెన్షియోమీటర్ (స్టిక్‌ను ఎంత మెలితిప్పారో కొలిచే భాగం, పొట్టిగా పాట్) చూడండి. తిరుపతి ఎండాకాలం దుమ్ముకు ఇది మామూలే. స్టిక్ ఎక్కువసేపు నడిమధ్యలో ఉంటుంది కాబట్టి పాట్ లోపలి కార్బన్ పట్టీ అరిగేదీ అక్కడే. విప్పితే ఆ చోట నల్లపొడి, సన్నటి మెరుపు గీత కనిపిస్తాయి.

యూఎస్‌బీ పీకేసి స్క్రూలు విప్పండి. స్ప్రింగు ఎగిరిపోతుంది, అదిమి పట్టుకోవాలి. పాట్ కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్‌ను మధ్య కాలికీ చివరి కాలికీ పెట్టి మెల్లగా తిప్పితే ఓమ్‌లు గెంతకుండా పెరగాలి. గెంతితే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కాస్త కొట్టి, 30 సార్లు అటూ ఇటూ తిప్పి ఆరనివ్వండి. కొబ్బరినూనె వద్దే వద్దు, దుమ్మంతా అంటుకుంటుంది.

అప్పటికీ గెంతితే పాట్ మార్చాల్సిందే. పాతదాని మీద బీ10కే అని ఉంటే అదే కొనండి, 10 కిలోఓమ్‌ల లీనియర్ రకం, అంటే తిప్పినకొద్దీ ఓమ్‌లు సమంగా పెరిగేది. టంకం వేశాక విండోస్‌లో కాలిబ్రేషన్ (స్టిక్ నడిమధ్య, చివరలు ఎక్కడో కంప్యూటర్‌కు చూపడం) మళ్లీ చేయాలి.