క్రాకోవ్‌లో షోపాన్‌ను తప్పించుకుని

పోలండ్‌లోని క్రాకోవ్ ప్రధాన కూడలిలో ఏ వైపు తిరిగినా ఎవరో ఒకరు, ఆ దేశపు పేరున్న పియానో స్వరకర్త షోపాన్ కచేరీ కరపత్రం చేతిలో పెడతారు. మధ్యయుగపు పోలిష్ సంగీతం ఎక్కడ వినవచ్చునని టికెట్లమ్మే యువకుణ్ణి అడిగితే, అతడు కాసేపు ఆలోచించి అంతకన్నా ఖరీదైన మరో షోపాన్ కచేరీని చూపించాడు. గంటసేపటి పియానోకు వాళ్లడిగే సొమ్ముతో ఆ ఊళ్లో రెండు పూటలా హాయిగా భోంచేయవచ్చు. షోపాన్ మీద నాకు కోపమేమీ లేదు గాని, ఆయన పుట్టిన 1810 నాటికే ఈ దేశంలో స్వరాలతో సహా రాసిపెట్టిన ఒక పాటకు నాలుగు వందల ఏళ్లు నిండాయి.

దేవమాతను వేడుకునే ఆ పాట పేరు బోగురోజీత్సా. స్వరాలతో దొరికిన ప్రతులలో అతి పాతది 1407 నాటిది. ఒక లాటిన్ ప్రసంగాల సంపుటి వెనుక అట్టకు లోపలివైపున దొరికిన ఆ ప్రతి ఇప్పుడు క్రాకోవ్ విశ్వవిద్యాలయపు యాగెలోనియన్ గ్రంథాలయంలో ఉంది. 1410లో గ్రున్‌వాల్డ్ వద్ద ట్యూటానిక్ యోధులతో (జర్మన్ క్రైస్తవ యోధసంఘం వారితో) తలపడే ముందు పోలిష్ సేన దానిని పాడిందని చరిత్రకారుడు యాన్ దూగోష్ రాశాడు. నేను చూడగలిగింది అచ్చు నకలునే అయినా, దాని ముందు నిలబడినప్పుడు నాకు తిరుమల సంకీర్తన భాండాగారం గుర్తుకొచ్చింది. అన్నమయ్య పుట్టినది 1408లో అంటారు. ఆయన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, పైన రాగం పేరు ఉంది, బాణీ మాత్రం లేదు. నేడు మనం వింటున్న వరుసలలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. నిజం చెప్పాలంటే అసూయ కలిగింది. అయితే బోగురోజీత్సా పాత స్వరలిపి కూడా ఏ స్వరం తరువాత ఏది పలకాలో చెబుతుంది గాని, ఒక్కొక్కదానిని ఎంతసేపు నిలపాలో తేల్చి చెప్పదు.

టికెట్టు లేకుండా వినగలిగినది సెయింట్ మేరీ చర్చి గోపురం నుంచి గంటగంటకూ నాలుగు దిక్కులకూ ఊదే హెయ్‌నావ్ అనే బూర పిలుపు. ఊదేవారు అగ్నిమాపక దళం వారు. 1241లో దండెత్తిన తాతారుల బాణం బూర ఊదుతున్న కాపలాదారు గొంతులో దిగడం వల్లే ఆ స్వరం మధ్యలో తెగిపోతుందని ప్రతి గైడూ చెబుతాడు. ఇప్పుడున్న చర్చి చాలావరకు పద్నాలుగో శతాబ్దపు కట్టడమనీ, ఆ కథ బాగా వ్యాపించినది ఇరవయ్యో శతాబ్దంలోననీ మాత్రం ఏ గైడూ చెప్పడు.

పాత మఠమున్న చిన్న ఊరు స్తారీ సోంచ్‌కు వెళ్లిన మినీబస్సులో కాళ్లు చాపుకునే చోటు లేదు, హీటరు మాత్రం మంటలా ఉంది. చిరాకుతో కిటికీవైపు తిరిగి కూర్చున్న నన్ను పక్క సీటులోని పెద్దావిడ ఎందుకు వెళుతున్నానని అడిగింది. పాత సంగీతం కోసమని తెలిసి, మనవడి చేత అనువాదం చేయిస్తూ, బడిలో తాము పాడిన గావుదే మాతెర్ పొలోనియాను సన్నని గొంతుతో ఎత్తుకుంది. 1253లో స్తనిస్లావ్ బిషప్పును పునీతుడిగా ప్రకటించిన సందర్భానికి సంబంధించిన లాటిన్ గీతమది. వింత్సెంతి అనే డొమినికన్ సన్యాసి రాశాడంటారు. విశ్వవిద్యాలయ ఉత్సవాలలో వినిపించే నాలుగు గొంతుకల కూర్పు పంతొమ్మిదో శతాబ్దపుది. ఆవిడ ఒంటిగా, కూర్పు లేకుండా పాడడం వల్ల నాకు దాని పాత రూపానికి దగ్గరైనదే దక్కింది. రెండో చరణం మరిచిపోయి నవ్వేసింది. ముందు సీటులోని మనిషి వెనక్కి తిరగకుండానే ఆ మాట అందించాడు.

స్తారీ సోంచ్‌లోని క్లారా సన్యాసినుల మఠాన్ని హంగరీ రాజకుమార్తె కింగా, భర్త మరణించాక, 1280లో స్థాపించింది. అక్కడి పాత గానగ్రంథాల బైండింగుకు బలం కోసం వాడిన చర్మపత్రపు ముక్కల మీద, పారిస్‌లోని నోత్ర్ దామ్ సంప్రదాయానికి చెందిన పదమూడో శతాబ్దపు బహుస్వర గానం, అంటే వేర్వేరు వరుసలను ఒకేసారి కలిపి పాడే పాట, బయటపడింది. పారిస్ ఎక్కడ, ఈ కొండల నడుమ మఠం ఎక్కడ! ఆ ముక్కలను చూపించరు. లోపలి మఠానికి ప్రవేశం లేదు, చర్చి వరకే చూడవచ్చు. 1975 నుంచి ఊళ్లో ప్రాచీన సంగీతోత్సవం జరుగుతోంది గాని అది వేసవిలో. నేను వెళ్లినది అక్టోబరులో. ఈసారి జూన్, జూలైల విమాన టికెట్ల ధరలు చూడడం అప్పుడే మొదలుపెట్టాను, అవి చూస్తే క్రాకోవ్ కచేరీలే చౌకనిపించాయి.