బ్లాకర్ అనుకున్నది నిజంగా బ్లాకరేనా?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి సెరటోనిన్ (ఒంట్లో కణాలకి సంకేతాలు మోసే రసాయనం)–గుండె కవాటాలు అనే అంశం ఎత్తుకునేవాళ్ల కోసం ఇది. రుమాటిక్ జ్వరం తర్వాత వచ్చే కవాట జబ్బు సంగతి వేరు, దాన్ని ఇందులో కలపకండి.

బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమైన్‌ను 1997లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. ఒంట్లో అది నార్‌ఫెన్‌ఫ్లురమైన్‌గా మారి, కవాట కణాల మీదున్న 5-హెచ్‌టీ2బీ (క్లుప్తంగా 2బీ) అనే సెరటోనిన్ రిసెప్టార్‌ను రెచ్చగొడుతుంది. కణాలు పెరిగి, కొల్లాజెన్ పేరుకుని కవాటం మందమవుతుంది, సరిగా మూసుకోదు. పార్కిన్సన్ మందు పెర్గోలైడ్‌ను కూడా 2007లో అక్కడ ఇందుకే ఆపేశారు. మరి ఆ రిసెప్టార్‌నే అడ్డుకునే మందు, అంటే బ్లాకర్, వాడితే? ఆలోచన బాగుంది గానీ, కవాట జబ్బుకి అలాంటి మందేదీ ఇంకా ఆమోదం దాకా రాలేదు.

స్క్రీనింగ్‌కి 2బీ ఉన్న హెచ్‌ఈకే కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాలు) ఫ్లూయో-4 అనే, కాల్షియం తగిలితే వెలిగే రంగు ఎక్కించి చూస్తారు. రిసెప్టార్ రెచ్చిపోతే కణంలో కాల్షియం లేస్తుంది. ఇక్కడ మొదటి దొంగ కణాలు పెంచే ద్రవంలో కలిపే సీరమే. గడ్డకట్టే రక్తంలో ప్లేట్‌లెట్లు వదిలిన సెరటోనిన్ అందులోనే ఉంటుంది. దాంతో రిసెప్టార్ ముందే అలసిపోయి, సిగ్నల్ చప్పబడుతుంది. డయలైజ్ చేసిన (పొరతో వడకట్టి చిన్న అణువులు తీసేసిన) సీరమే వాడండి.

రెండోది ఇంకా ప్రమాదం. మందు వేసి, 15 నిమిషాలు ఆగి, ఈసీ80 మోతాదులో (గరిష్ఠ స్పందనలో 80 శాతం ఇచ్చేంత) సెరటోనిన్ వేస్తాం. కాల్షియం లేవకపోతే బ్లాకర్ దొరికిందని సంబరం. కానీ ఆ మందే ముందుగా రిసెప్టార్‌ను రెచ్చగొట్టి మొద్దుబార్చి ఉండొచ్చు. అంటే కవాటాన్ని చెడగొట్టే మందునే ఏరి పెట్టుకున్నట్టు! అందుకే మందు వేయకముందు నుంచే రీడింగ్ నడవాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. రిసెప్టార్ లేని మామూలు కణాల్లోనూ వేసి చూడండి. రంగు వెలుగునే తగ్గించే మందులు అక్కడ దొరికిపోతాయి.

ఆ తర్వాత 2ఏ, 2సీ (ఇవీ సెరటోనిన్ రిసెప్టార్లే), హెర్గ్ (గుండె కణాల్లోని పొటాషియం ఛానల్) పరీక్షలు. 2సీ మూతపడితే ఆకలి పెరుగుతుంది, హెర్గ్ మూతపడితే గుండె లయ తప్పుతుంది.

పంది కవాట కణాలతో చేస్తే ఇంకో చిక్కు. గట్టి ప్లాస్టిక్ మీద పెంచితే అవి మందుతో పని లేకుండానే మయోఫైబ్రోబ్లాస్టులైపోతాయి, అంటే కొల్లాజెన్ పేర్చే, జబ్బు తరహా కణాలుగా మారిపోతాయి. మెత్తటి జెల్ మీద, తొలి పాసేజీల్లోనే (కొత్త పాత్రలోకి మార్చి పెంచిన మొదటి కొన్ని విడతల్లోనే) వాడాలి.

రక్తపు ప్లాస్మాలో సెరటోనిన్ కొలవాలంటే ప్లేట్‌లెట్లు పగలకూడదు. సన్న సూదితో గట్టిగా లాగకండి. మే నెల ఎండలో గుంటూరు నుంచి విజయవాడకి రక్తం ట్యూబులు బైకు మీద పంపించొద్దు. తీసిన చోటే రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి, ప్లాస్మాను ఫ్రీజ్ చేసి, డ్రై ఐస్‌లో పంపండి. ఎర్రబడిన ప్లాస్మా ఉంటే పక్కన పడేసి మళ్లీ తీయించండి.