టర్ఫ్ మూర్‌లో ఒక సోమవారం

మాంచెస్టర్ నుంచి బర్న్‌లీ వెళ్లే ఎక్స్43 బస్సుకి ‘విచ్ వే’ అని పేరు. మంత్రగత్తెల దారి అన్నమాట. 1612లో అక్కడి పెండిల్ కొండ చుట్టుపక్కల ఊళ్లవాళ్లను మంత్రగత్తెలని విచారించి ఉరి తీశారు. నాలుగొందల ఏళ్లు గడిచాక ఆ పేరు మీదే డబుల్ డెక్కర్ నడుపుతున్నారు. ఈ సంగతి చెప్తే మా బాబాయి, “మన దగ్గరైతే ఆ బస్సు ఒక్కడూ ఎక్కడు” అంటూనే పై అంతస్తులో అద్దం ముందున్న సీటు పట్టేశాడు.

2025 ఏప్రిల్ 21. ఈస్టర్ సోమవారం, ఆఫీసుకి సెలవు. బాబాయి చీరాల నుంచి వచ్చి అప్పటికి పది రోజులైంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా రిటైరయ్యాడు. పిల్లలకి కబడ్డీ నేర్పడమే ఆయన జీవితం. మాంచెస్టర్‌లో చూపించాల్సినవన్నీ చూపించేశాను, ఆయనకి పెద్దగా ఏదీ ఆనలేదు. ఆ టైంలో మా ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, పుట్టి పెరిగిందంతా బర్న్‌లీయే, బర్న్‌లీ టీం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి రెండు టికెట్లున్నాయి వస్తారా అని అడిగారు. కూతురూ అల్లుడూ ఈస్టర్ సెలవులకి స్పెయిన్ వెళ్లారట. వాళ్ల సీజన్ టికెట్లు. “నాలుగు నెలల క్రితం అడిగుంటే ఊరికే ఇచ్చినా నువ్వు రానక్కర్లేదని చెప్పేవాణ్ణి” అన్నారు.

ఆ మాట వెనక పెద్ద కథుంది. ఆ చలికాలమంతా సోమవారం పొద్దున ఆయన మొహం చూస్తే చాలు, స్కోరు తెలిసిపోయేది. ఓడితే కోపంగా ఉండేవారు. 0-0 అయితే నీరసంగా ఉండేవారు. ఓడిందే చాలా తక్కువ, కాబట్టి నీరసమే ఎక్కువ చూశాను.

అప్పటి మేనేజర్ స్కాట్ పార్కర్. అంతకుముందు ఫుల్‌హమ్‌ని 2020లో, బోర్న్‌మత్‌ని 2022లో రెండో అంచె నుంచి ఇంగ్లండ్‌లోని పై అంచె లీగైన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కించినవాడు. బర్న్‌లీలో మొదటి రెండు లీగ్ మ్యాచ్‌ల్లో లూటన్ మీద 4-1, కార్డిఫ్ మీద 5-0. ఇంకేం, ఊరంతా పండగ. ఆ తర్వాత ఆగస్టు అయ్యేలోపు ఒడోబేర్, బెర్గె, ఓషే అనే ఆటగాళ్లు వరసగా వేరే క్లబ్బులకి అమ్ముడైపోయారు. అక్కణ్ణుంచి టీం తీరే మారిపోయింది. ముందు గోల్ ఇవ్వకూడదు, కొట్టడం సంగతి తర్వాత చూద్దాం అన్నట్టు ఆట. వెనక ఎస్తెవ్, ఈగన్-రైలీ కదలరు, వాళ్ల ముందు ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు కాపలా. గోల్‌కీపర్ ట్రాఫర్డ్ చేతికి మట్టి అంటకుండా ఇంటికెళ్లిన రోజులున్నాయి. గోల్స్ కొట్టేవాళ్లు కూడా అలాగే వెళ్లిపోయేవాళ్లు.

“డబ్బులిచ్చి నిద్రపోవడానికి గ్రౌండ్ దాకా ఎందుకు, ఇంట్లో మంచముందిగా” అనేవారు పెద్దాయన. ఆయనొక్కరే కాదు, బంతి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ స్టేడియంలో సగంమంది మూలిగేవాళ్లట.

ఊళ్లో దిగేసరికి ఇంకా రెండు గంటల టైముంది. కాలువ గట్టుకి తీసుకెళ్లాను. లీడ్స్-లివర్‌పూల్ కాలువ ఊరి మధ్య నుంచే వెళ్తుంది. దాని పక్కన ‘వీవర్స్ ట్రయాంగిల్’ అనే చోట పాత మిల్లులు, పొగగొట్టాలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒకప్పుడు ప్రపంచంలో ఇంకే ఊరూ నెయ్యనంత నూలుగుడ్డ ఇక్కడ నేశారు. బాబాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాళ్ల నాన్నది గుంట మగ్గం. లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి మన మగ్గాల నోట మట్టికొట్టిన కథలు ఆయన చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాడు. కిటికీ పగిలిన ఒక షెడ్డు దగ్గరికెళ్లి లోపలికి తొంగి చూశాడు. లోపల పావురాలు తప్ప ఏం లేవు.

“వీళ్లదీ పోయిందన్నమాట” అన్నాడు. సంతోషం లేదు ఆ గొంతులో, బాధా లేదు. బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం.

అక్కణ్ణుంచి నడుచుకుంటూ బర్న్‌లీ టీం గ్రౌండ్, టర్ఫ్ మూర్. దారంతా రాయితో కట్టిన వరస ఇళ్లు, కిటికీల్లో ఎరుపూ నీలం కండువాలు. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, దానిమ్మ గింజలు నలిపినట్టుండే ముదురు రంగు. గ్రౌండ్‌కి ఆనుకునే క్రికెట్ గ్రౌండ్ ఉంది. ఇది జేమ్స్ అండర్సన్ ఆడి పెరిగిన క్లబ్బని చెప్పగానే బాబాయి ఆగిపోయాడు. టెస్టుల్లో మన సచిన్‌ని తొమ్మిదిసార్లు అవుట్ చేసినవాడు, ఇంకెవరికీ అన్నిసార్లు సాధ్యం కాలేదు. కంచె పట్టుకుని లోపలికి చూసి, “ఇంత చిన్న గ్రౌండా!” అన్నాడు. అన్ని మిల్లులు చూసినా తియ్యని ఫోన్ తీసి దీనికి మాత్రం నాలుగు ఫొటోలు కొట్టాడు.

మా సీట్లు జేమ్స్ హార్‌గ్రీవ్స్ స్టాండులో. బాబాయి ఆ పేరు చదివి స్పిన్నింగ్ జెన్నీ కనిపెట్టినాయనేగా అని ఉత్సాహపడ్డాడు. కాదు, ప్లంబింగ్ సామాన్లమ్మే కంపెనీది. పాతవాళ్లు ఇప్పటికీ లాంగ్‌సైడ్ అనే అంటారు. పెద్దాయన మా కోసం పైలు కొనుక్కొచ్చారు. సోమవారం మాంసం ముట్టనని బాబాయి చెయ్యి ఊపేశాడు. శివుడి గురించి ఆయనకి ఇంగ్లిష్‌లో చెప్పడం నా వల్ల కాలేదు, “మా ఇంటి పద్ధతి” అని వదిలేశాను. రెండు పైలూ నాకే మిగిలాయి. తర్వాత కాగితం కప్పులో వేడినీళ్లు కలిపిన బెనెడిక్టీన్ తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఊరి సిపాయిలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్నప్పుడు అలవాటు చేసుకున్న మందు, ఇప్పటికీ వదల్లేదు. బాబాయి వాసన చూసి, “దగ్గు మందురా ఇది” అని నా చేతిలో పెట్టేశాడు. నిజం చెప్పాలంటే రుచి కూడా అంతే.

అప్పటి పరిస్థితి ఇదీ: మొదటి రెండు స్థానాలకి నేరుగా ప్రీమియర్ లీగ్. ఆ తర్వాతి నలుగురూ మిగిలిన ఒక్క చోటు కోసం ప్లేఆఫ్‌లో కొట్టుకోవాలి. ఎదురుగా ఉన్నది మూడో స్థానంలోని షెఫీల్డ్ యునైటెడ్. గెలిస్తే రెండు మ్యాచ్‌లు మిగిలుండగానే పని అయిపోతుంది. అప్పటికే లీడ్స్ వాళ్లు స్టోక్ మీద 6-0 కొట్టి కూర్చున్నారు. అసలు తమాషా ఏంటంటే, బర్న్‌లీ గెలిస్తే బర్న్‌లీతో పాటు లీడ్స్ కూడా పైకి వెళ్లిపోతుంది. లీడ్స్‌ది యార్క్‌షైర్, బర్న్‌లీది లాంకషైర్, రెండిటికీ పాత వైరం. “యార్క్‌షైర్ వాళ్లకి మేం సాయం చెయ్యాలంట” అని పెద్దాయన నిజంగానే బాధపడ్డారు.

ఆట మొదలైంది. ఎస్తెవ్ నుంచి ఈగన్-రైలీకి, అక్కణ్ణుంచి ట్రాఫర్డ్‌కి, మళ్లీ ఎస్తెవ్‌కి. బాబాయి వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. ఏంటని అడిగితే, “ఖాళీ రైడ్‌లు” అన్నాడు. “కూత పెట్టి గీత దాకా వెళ్లి, ఎవర్నీ తాకకుండా వచ్చేస్తున్నారు. మా పిల్లలు ఇలా ఆడితే జనం రాళ్లేసేవాళ్లు. కానీ పాయింట్ ఇవ్వట్లేదు, చూడు.”

పెద్దాయనకి దీన్ని అనువాదం చెయ్యడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. ఊపిరి బిగబట్టి ఎదుటి కోర్టులోకి వెళ్లడం, ఒట్టి చేతుల్తో తిరిగి రావడం, వరసగా రెండు ఖాళీలైతే మూడోసారి చావో రేవో తేల్చుకోవాల్సిరావడం. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, తన మనసు ఎప్పుడు మారిందో చెప్పారు.

జనవరి 17, సండర్లాండ్‌తో మ్యాచ్. ఆట 0-0గా ముగియబోతోంది. చివర్లో సండర్లాండ్‌కి ఒక పెనాల్టీ, ట్రాఫర్డ్ ఆపాడు. వెంటనే ఇంకోటి. అదీ ఆపాడు. రెండూ కొట్టింది ఒకడే, ఇసిడోర్. ఇంట్లో సోఫాలో ఒంటరిగా కూర్చుని ఆ 0-0కి అరిచినంతగా ఆ సీజన్‌లో ఏ గోల్‌కీ అరవలేదట. పది రోజులకి లీడ్స్‌లో మళ్లీ 0-0. “ఆ రోజు తిట్టలేదు. కాగితం తీసుకుని లెక్కేశా” అన్నారు.

ఆ లెక్కలో అసలు ముల్లు పార్కర్ కాదు, అంతకుముందు మేనేజర్ విన్సెంట్ కొంపనీ. 2022-23లో ఆయన చేతుల్లో బర్న్‌లీ 101 పాయింట్లతో, చూడముచ్చటైన దూకుడు ఆటతో పైకెళ్లింది. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. పైన కూడా అదే ఆట ఆడబోయి 24 పాయింట్లతో ఏడాదికే కింద పడింది. ఆయన జర్మనీ క్లబ్ బయెర్న్ మ్యూనిక్‌కి వెళ్లిపోయారు, వీళ్లు ఇక్కడే మిగిలారు. ఆ రుచి మరిగిన నాలుకకి పార్కర్ వంట చప్పగా అనిపించింది, అంతే. “అది విస్తరి నిండా పిండివంటలు, ఇది పెరుగన్నం” అన్నాడు బాబాయి. దీన్ని అనువాదం చెయ్యలేదు, అప్పటికే జనం లేచి నిలబడ్డారు.

28వ నిమిషం. కెప్టెన్ జోష్ బ్రౌన్‌హిల్ గోల్. నా కప్పులో మిగిలిన దగ్గు మందంతా ముందు సీటాయన వీపు మీద. ఆయన వెనక్కి తిరిగి నన్ను వాటేసుకున్నాడు. పది నిమిషాలు తిరక్కముందే టామ్ కానన్ స్కోరు సమం చేశాడు. స్టేడియంలో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, షెఫీల్డ్ వాళ్లున్న మూల తప్ప. ఈ టీం గోల్ ఇవ్వడానికి అలవాటుపడ్డ టీం కాదు కదా, జనానికీ ఆ అలవాటు పోయింది. హాఫ్‌టైంకి ముందు పెనాల్టీ దొరికింది. మళ్లీ బ్రౌన్‌హిలే. 2-1.

ఇక సెకండ్ హాఫ్ నేను ఆట చూసింది తక్కువ, పెద్దాయన్ని చూసింది ఎక్కువ. చలికాలమంతా “ముందుకి, ముందుకి” అని గొంతు చించుకున్న మనిషి ఇప్పుడు రెండు చేతులూ వెనక్కి ఊపుతూ “వెనక్కివ్వు, వెనక్కివ్వు!” అని అరుస్తున్నారు. ఎస్తెవ్ బంతి ట్రాఫర్డ్‌కి పంపితే చప్పట్లు. ఒకసారి ఎవరో బర్న్‌లీ కుర్రాడు ఉత్సాహం ఆపుకోలేక దూరం నుంచి షాట్ కొట్టాడు, అది పైనుంచి పోయింది. “ఎవడు కొట్టమన్నాడు నిన్ను!” ఆయన మెడ మీద నరం ఉబ్బింది. చేతిలో నలిపిన టికెట్ కాగితం ఉండలా అయిపోయింది.

మా వెనక వరసలో ఒకావిడ మాత్రం మారలేదు. డెబ్బై ఏళ్లుంటాయి. ఇంత టెన్షన్‌లోనూ తీరిగ్గా, “నేను టికెట్ కొనేది గోల్స్ కోసం. వచ్చే ఏడాదీ ఇలాగే ఆడితే అల్లికలు తెచ్చుకుంటా” అంటోంది. ఆవిడ తప్పేం లేదని నా అభిప్రాయం. డబ్బు పెట్టి వచ్చేవాళ్లకి పాయింట్ల పట్టికతో పాటు ఆట కూడా కావాలి. ఫిబ్రవరి చలిలో 0-0 చూసి ఇంటికెళ్లినవాళ్లకి, ఏప్రిల్‌లో మీరు పొరబడ్డారని చెప్పడం చాలా తేలిక.

విజిల్ మోగింది. 44 లీగ్ మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్ 15, నవంబర్ మొదట్లో మిల్‌వాల్‌లో ఓడాక లీగ్‌లో మళ్లీ ఓటమి లేదు. ఇదంతా పెద్దాయన తర్వాత చెప్పిన లెక్క, ఆ క్షణంలో ఎవరికీ లెక్కలు గుర్తులేవు. జనం గట్టు తెగినట్టు గ్రౌండ్‌లోకి దిగారు. బాబాయి కూడా లేచి నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను, వీసా మీద వచ్చినాయన. పెద్దాయన దిగలేదు, సీట్లో కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఉన్నారు. కాసేపటికి అటు పార్కర్ ఉండే డగౌట్ వైపు చూస్తూ, “క్షమాపణ చెప్పాల్సింది నేనొక్కణ్ణే కాదులే” అన్నారు. వెనకావిడ “నేను చెప్పను” అంది.

తిరుగు బస్సులో నిలబడ్డానికీ చోటు లేదు. ఎవరో కుర్రాళ్లు బాబాయికి సీటిచ్చి, మెడలో ఎరుపూ నీలం కండువా వేశారు. రాటెన్‌స్టాల్ దాకా వాళ్ల పాటకి తాళం వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే చీరాల నుంచి పిన్ని ఫోన్. మ్యాచ్ ఎలా జరిగిందండీ, గెలిచారా అని అడిగింది. బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి, “గెలిచార్లే. కానీ ఆ ఒక్క గోల్ ఇవ్వకుండా ఉండాల్సింది” అన్నాడు.