పిస్టల్ పార్క్

ఆదివారం కావడంతో మధ్యాహ్న భోజనం తరువాత దక్షిణ కొరియా పాత ఛాయాచిత్రాలు చూస్తూ కూర్చున్నాను. 1961 మే నెలలో, సైనిక తిరుగుబాటు జరిగిన వెంటనే సియోల్‌లో తీసిన చిత్రం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ తిరుగుబాటు నాయకుడు, తరువాత దేశాధ్యక్షుడైన పార్క్ చుంగ్-హీ నల్లకళ్లద్దాలతో నిలబడి ఉండగా, ఆయనకు చెరొక పక్కన ఒక యువ అధికారి ఉన్నాడు. ఛాతీకి చేతిబాంబులు తగిలించుకున్నవాడు చా జీ-చోల్. రెండోవాడు పార్క్ చోంగ్-గ్యూ.

తుపాకీ మీది మోజు వల్ల ‘పిస్టల్ పార్క్’ అని పేరుపడ్డ ఈ రెండో అధికారి 1964 నుంచి పదేళ్లపాటు అధ్యక్షుని భద్రతా దళానికి అధిపతిగా ఉన్నాడు. 1974 ఆగస్టు 15న, జాతీయ నాటకశాలలో అధ్యక్షుడు ప్రసంగిస్తుండగా ఒక దుండగుడు కాల్పులు జరపడంతో, ఆయన భార్య యుక్ యంగ్-సూ మరణించింది. ఆమెను కాపాడలేకపోయిన బాధ్యత వహించి పార్క్ చోంగ్-గ్యూ రాజీనామా చేయగా, ఆ పదవి చా జీ-చోల్‌కు దక్కింది.

పదవి పోయినా పలుకుబడి పోలేదు. షూటింగ్ సమాఖ్య అధ్యక్షుడిగా ఆయన 1978 ప్రపంచ షూటింగ్ పోటీలను సియోల్‌కు రప్పించాడు. అవి ఆసియాలో జరగడం అదే మొదటిసారి. 1970 ఆసియా క్రీడలను నిర్వహించలేక బ్యాంకాక్‌కు వదిలేసుకున్న దేశానికి ఇది చిన్న విషయం కాదు. ఆ ఊపులోనే, 1979లో తమ దేశ ఒలింపిక్ కమిటీ పగ్గాలు చేపట్టి, 1988 ఒలింపిక్స్ కోసం పోటీపడదామని పట్టుబట్టాడు. దీన్ని కేవలం క్రీడాభిమానం అనుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు; ఉత్తర కొరియా కన్నా తామే మిన్న అని లోకానికి చాటాలన్న పాలకుల తహతహ అందులో చాలానే ఉంది. అయినా, అడగడానికే జంకే రోజుల్లో అడుగుదామన్నది ఈయనే.

అదే ఏడాది అక్టోబరు 26న పార్క్ చుంగ్-హీతో పాటు చా జీ-చోల్ కూడా హత్యకు గురయ్యాడు. 1974లో పదవి ఊడకపోయి ఉంటే ఆ రాత్రి అధ్యక్షుని పక్కన ఉండవలసినవాడు పార్క్ చోంగ్-గ్యూయే కదా అనిపించింది. 1980లో కొత్త సైనిక పాలకులు అక్రమ సంపాదన ఆరోపణలపై ఆయనను నిర్బంధించారు. మరుసటి ఏడాది జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో 1988 ఒలింపిక్స్ వేదిక కోసం జరిగిన ఓటింగ్‌లో సియోల్ 52-27 ఓట్లతో జపాన్ నగరం నగోయాను ఓడించింది. 1984లో ఆయన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సభ్యుడయ్యాడు గానీ, 1985 డిసెంబరులోనే కన్నుమూశాడు. 1988లో ఒలింపిక్ షూటింగ్ పోటీలు ఆయన హయాంలో ప్రపంచ పోటీలకు వేదికైన తేరుంగ్ మైదానంలోనే జరిగాయి.